సంచీనా, పెట్టెనా: ఒక యుకులేలే పంచాయితీ

మొన్న శనివారం స్టాఫ్ రూములో మా బయాలజీ అమ్మాయి ఫోను తెచ్చి నా ముందు పెట్టి, "అక్కా, నా యుకులేలేకి వీటిలో ఏది కొనమంటారు?" అంది. యుకులేలే అంటే నాలుగు తీగల బుల్లి గిటారులాంటి వాద్యం. ఒకటి 1,300 రూపాయల గిగ్ బ్యాగు, అంటే భుజాన వేసుకునే మెత్త సంచీ. రెండోది 4,200 రూపాయల హార్డ్ కేసు, అంటే గట్టి పెట్టె. ఆ పిల్ల ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది కాలేదు. ప్రైవేటు స్కూలు జీతాలు తెలిసినవాళ్లకి ఆ రెండు అంకెల మధ్య ఎంత దూరముందో వేరే చెప్పక్కర్లేదు. అయినా నేను "హార్డ్ కేసే తీసుకో, ఇంకో ఆలోచన వద్దు" అనేశాను. గంట కొట్టారు. క్లాసుకి వెళ్లిపోయాను.

సాయంత్రం బస్సెక్కి కూర్చున్నాక చూసుకుంటే నా ఒళ్లో ఉన్నది గిగ్ బ్యాగు. నా హార్డ్ కేసు రెండేళ్లుగా మా బీరువా మీద పడుకుని ఉంది. పెద్దరికం చూపించుకోవడం తప్ప ఆ సలహాలో ఏముంది? వారధి దాటేదాకా అదే ఆలోచన. ఇంటికొచ్చాక కూడా వదల్లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

బానెట్ మీద దోసకాయలు

నేను ఫిజిక్సు చెప్తాను. ఇల్లు సత్యనారాయణపురం, స్కూలు మంగళగిరి దాటాక. ధ్వని పాఠం వచ్చినప్పుడల్లా యుకులేలే పట్టుకెళ్తాను. అన్నిటికన్నా కింది తీగ మీటితే సెకనుకి 440 కంపనాలు. అదే తీగని పన్నెండో ఫ్రెట్ (మెడ మీది మెట్టు) దగ్గర నొక్కి మీటితే పొడవు సగమై 880. ఈ మాట బోర్డు మీద రాస్తే ఆవులించే పిల్లలే, తీగ మీటితే వెనక బెంచీ నుంచి లేచి ముందుకొస్తారు. పాఠం అయిపోయాక కూడా మధ్యాహ్నం అన్నాలు తిన్న తర్వాత పది నిమిషాలు వాయించమని అడగడం మొదలుపెట్టారు. అలా వారానికి మూడు నాలుగు రోజులు నా యుకులేలే విజయవాడ నుంచి మంగళగిరికి, మంగళగిరి నుంచి విజయవాడకి తిరుగుతుంటుంది.

మొదట్లో దానికి ఉన్నది కొన్నప్పుడు ఉచితంగా ఇచ్చిన సంచీ. రెయిన్‌కోటు గుడ్డ, లోపల పేరుకి ఒక పొర. దాన్ని బ్యాగు అనడం కన్నా తొడుగు అనడం న్యాయం. ఒకరోజు పొద్దున బస్సు కిక్కిరిసి ఉంది. డ్రైవరు జాలిపడి, "టీచరు గారూ, ఆ గిటారు ఇట్లా పెట్టండి" అని ఇంజను బానెట్ చూపించాడు. పెట్టాను. ఉండవల్లి సెంటర్లో ఒకావిడ ఎక్కి, నిండా దోసకాయలున్న గోనెసంచీ తెచ్చి దాని పక్కన దించింది. పక్కనే, మీద కాదు. బస్సు మలుపు తిరిగినప్పుడు ఆ సంచీ నెమ్మదిగా ఒరిగి నా యుకులేలే మీదికి వాలింది. పడలేదు, కొట్టలేదు, ఆవలిస్తూ తల వాల్చినట్టు వాలింది. నేను నాలుగు వరసల వెనక నిలబడి చూస్తున్నాను. చెయ్యి కదిపే సందు లేదు.

బయటికి చూస్తే ఏమీ కాలేదు. వాయిస్తే మాత్రం ఒక స్వరం దగ్గర ఈగ ముసిరినట్టు గుయ్యిమంది. పైపలక కింద అడ్డంగా అతికించే సన్నటి కర్రబద్ద ఒక చివర ఊడింది. వన్‌టౌన్లో హార్మోనియాలు బాగుచేసే ఒకాయన రంధ్రంలోంచి వేళ్లు పెట్టి, తడిమి, జిగురు పూసి, ఒకరోజు బిగించి ఉంచి ఇచ్చాడు. 300 తీసుకున్నాడు. ఆ వారమే హార్డ్ కేసు కొన్నాను. నల్లటిది, ప్లైవుడ్డు, లోపల నీలం వెల్వెట్టు, నాలుగు కొక్కేలు.

పెట్టె గొప్పతనం

హార్డ్ కేసుని తక్కువ చేసి మాట్లాడితే కళ్లు పోతాయి. కొన్న నెలలోనే నెహ్రూ బస్టాండులో దాన్ని పక్కన నిలబెట్టి టికెట్టు చిల్లర వెతుక్కుంటున్నాను. తిరిగి చూస్తే ఒక ముసలమ్మ దాన్ని పడుకోబెట్టి దాని మీద కూర్చుని ఉంది. గుండె ఆగినంత పనైంది. "అమ్మా, అందులో వాద్యం ఉంది" అన్నాను. ఆవిడ లేచి, పెట్టెను చేత్తో తుడిచి, "చెక్కపెట్టే అనుకున్నానమ్మా, కాళ్లు పీకుతుంటే" అంది. తెరిచి చూస్తే లోపల శ్రుతి కూడా మారలేదు. ఆ ముసలమ్మ బరువు పెట్టె పైమూత వంపు మీదుగా అంచులకి, అంచుల నుంచి నేలకి దిగిపోయింది. పాత సంచీలో ఉండుంటే ఆవిడ కింద ఏం మిగిలేది!

తేడా ఇక్కడే ఉంది. దెబ్బ వేరు, బరువు వేరు. సంచీలో ఉండే ఫోము దెబ్బని ఆపుతుంది. కిందపడ్డ వస్తువు ఆగడానికి పట్టే సమయాన్ని పెంచుతుంది, అందుకే గుడ్డు పరుపు మీద పడితే బతుకుతుంది. కానీ అదే గుడ్డుని పరుపు మీద పెట్టి మీద కూర్చోండి. నిలకడగా మీద పడ్డ బరువు ముందు ఫోము చేసేదేమీ లేదు. నలిగి ఊరుకుంటుంది, బరువు మొత్తాన్నీ కిందికి అప్పజెప్పేస్తుంది. బరువు మోయాలంటే గట్టి డొప్ప ఉండాల్సిందే. మన బస్సుల్లో వాద్యాలకి జరిగేది ఎక్కువగా రెండోదే. ఎవరూ విసిరికొట్టరు. ఒరుగుతారు, వాలుతారు, సర్దుకోమంటారు.

కాబట్టి భౌతికశాస్త్రం ప్రకారం తీర్పు పెట్టెకే. నేను కూడా అలాగే అనుకుని ఏడాదిన్నర మోశాను.

పెట్టెలో ఉంది కదా

మేలో ఒక సహోద్యోగి చెల్లెలి పెళ్లి, మంగళగిరిలో. మధ్యాహ్నం ముహూర్తం. స్కూలు నుంచి ఇంకో టీచరు కార్లో నలుగురం వెళ్లాం. యుకులేలే వెనక సీట్లో ఉంది. దిగేటప్పుడు ఒక్క క్షణం చెయ్యి దాని మీదికి వెళ్లింది. "పెట్టెలో ఉంది కదా, ఏం కాదు" అని తలుపు వేసేశాను. రోడ్డు పక్కన, ఎండలో. రెండు గంటలు. పెళ్లిభోజనం, ఫొటోలు, ఐస్‌క్రీము.

వచ్చి కారు తలుపు తీస్తే పొయ్యి మూత తీసినట్టుంది. కేసు కొక్కెం ముట్టుకుంటే వేలు చురుక్కుమంది. మే ఎండలో అద్దాలు ఎత్తిన కార్లో వేడి 60 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు, ఆ వేడికి కర్రని అతికించే మామూలు జిగుర్లు పట్టు సడలిస్తాయి. పైగా పైపలక మీద తీగలు కట్టే చిన్న చెక్క ముక్కని బ్రిడ్జి అంటారు, నాలుగు తీగలూ కలిసి దాన్ని 15 కిలోలకి అటూ ఇటూ లాగుతూనే ఉంటాయి, పగలూ రాత్రీ. ఇంటికొచ్చి చూస్తే బ్రిడ్జి వెనక అంచు పలక నుంచి లేచి ఉంది. ఆ సందులోకి విజిటింగ్ కార్డు దూరింది. వన్‌టౌన్ ఆయన దాన్ని చూసి, నా వైపు చూసి, "మళ్లీ మీరేనా అమ్మా" అన్నాడు.

తప్పు నాదే, పెట్టెది కాదు. కానీ నేను ఆ తప్పు చేయడానికి కారణం పెట్టె. అదే గిగ్ బ్యాగయితే చచ్చినా కార్లో వదిలేదాన్ని కాదు. భుజాన వేసుకుని పెళ్లి హాల్లోకి వెళ్లేదాన్ని, భోజనాల దగ్గర ఒళ్లో పెట్టుకునేదాన్ని, ఇద్దరు ముగ్గురు "ఏంటండీ అది" అని అడిగేవాళ్లు, విసుక్కునేదాన్ని. మెత్త సంచీలో ఉన్నంతకాలం, ఆ బానెట్ రోజు తప్ప, దాన్ని చేతిలోంచి దించడానికి నాకు ధైర్యం చాలలేదు. గట్టి పెట్టె రాగానే దించడం నేర్చుకున్నాను. బస్సు డిక్కీలో పెట్టమంటే పెట్టాను. ఆటోలో వెనక వేయమంటే వేశాను. పిల్లల చేతికిచ్చి పైకి పట్టుకెళ్లమన్నాను.

మా పెద్దమ్మ బొంత

ఈ బ్రిడ్జి గొడవ చెప్తే మా పెద్దమ్మ నవ్వింది. ఆవిడది నూజివీడు వీణ, పనసకర్రది, నా వయసు కన్నా పెద్దది. వీణకి ఇరవైనాలుగు మెట్లు మైనం మీద నిలబడి ఉంటాయి కదా. ఎండ తగిలితే మైనం మెత్తబడుతుంది, మెట్టు ఒరుగుతుంది, మళ్లీ మేళం కట్టించాలి. అందుకని వీణ వాయించేవాళ్లకి ఎండ భయం చిన్నప్పుడే పడుతుంది. నాకు మైనం లేదు కాబట్టి భయం లేకపోయింది.

ఆవిడ కచేరీలకి రైల్లో వెళ్లేటప్పుడు వీణని పాత చీరల బొంతలో చుట్టి, పై బెర్తులో పడుకోబెట్టి, తను కింద కూర్చునేది. "పెట్టె చేయిస్తానన్నారు మీ పెదనాన్న. వద్దన్నాను. పెట్టె ఉంటే కూలీ చేతికిస్తాం, బొంతయితే ఎవరికీ ఇవ్వం" అంది. నేను ఏడాదిన్నర, రెండు రిపేర్లు పెట్టి తెలుసుకున్న సంగతి ఆవిడ పకోడీ తింటూ చెప్పేసింది.

ఆ తర్వాత చుట్టూ చూడటం మొదలుపెట్టాను. నేను చూసిన మృదంగం వాళ్లు దాదాపు అందరూ గుడ్డ తొడుగే వాడతారు. మృదంగం ఎవరి చేతికీ ఇవ్వరు, దగ్గర పెట్టుకునే కూర్చుంటారు. వయొలిన్ మాత్రం పెట్టెలోనే వస్తుంది. దానికి కారణం ఉంది. వయొలిన్ బ్రిడ్జిని ఎక్కడా అతికించరు, తీగల ఒత్తిడితోనే నిలబడుతుంది. లోపల సన్నటి పుల్ల కూడా అంతే. కాస్త గట్టిగా నొక్కుకుంటే రెండూ జారిపోతాయి. కమాను ఒకటి అదనం. యుకులేలేకి ఆ నాజూకులేవీ లేవు. బ్రిడ్జి అతికించి ఉంటుంది, తీగలు నైలాను జాతివి, లాగుడు గిటారుతో పోలిస్తే ఎంతో తక్కువ. గిటారు తల వెనక్కి పడితే మెడ దగ్గర విరగడం సాధారణం. యుకులేలేలో ఆ ప్రమాదం ఉన్నా అంత కాదు, ఎందుకంటే దాని బరువే అరకిలో. పడినా దెబ్బ చిన్నదే.

అన్నట్టు, ఒకసారి వంటింటి తక్కెడ మీద తూచాను. నా కాన్సర్ట్ సైజు (సొప్రానో కన్నా పెద్దది, టెనర్ కన్నా చిన్నది) యుకులేలే 540 గ్రాములు. కేసు 2 కిలోల 100. వాద్యానికి నాలుగింతలు కాపలా! అన్నం కన్నా క్యారేజీ బరువు అన్నట్టుంది.

ఓడ సంగతి

ఇంకో వాదన కూడా నాలో నేను వేసుకున్నాను. 1879లో మదీరా దీవి నుంచి పోర్చుగీసు కూలీలు నాలుగు నెలలు ఓడలో ప్రయాణం చేసి హోనొలూలులో దిగినప్పుడు వాళ్లతో వచ్చిన చిన్న తీగల వాద్యమే కదా తర్వాత యుకులేలే అయింది. సముద్రాలు దాటొచ్చిన దానికి మంగళగిరి బస్సు ఒక లెక్కా?

రాసుకున్నంతసేపు బావుంది. తర్వాత గుర్తొచ్చింది, అదే ఓడలో మాన్యుయెల్ నునెస్, అగస్టో డయాస్, జోసె దో ఎస్పిరితో శాంతో అని ముగ్గురు వడ్రంగులు కూడా ఉన్నారు. తర్వాత హవాయిలో ఆ వాద్యాలు చేసి అమ్మినవాళ్లు వాళ్లే. వడ్రంగిని పక్కన కూర్చోబెట్టుకుని ప్రయాణం చేసేవాడికి సంచీ అయితేనేం, పెట్టె అయితేనేం. నా పక్క సీట్లో ఎవరుంటారు? ఆ వాదన కొట్టేశాను.

నా మీద నాకున్న అనుమానం

ఒక్క మాట ఒప్పుకోవాలి. పెట్టె నాకు నచ్చకపోవడంలో బద్ధకం కూడా ఉంది. గిగ్ బ్యాగు తలుపు వెనక మేకుకి వేలాడుతుంది. పొయ్యి మీద పాలు కాగేలోపు తీసి, నాలుగు స్వరాలు వాయించి, మళ్లీ పెట్టేయొచ్చు. పెట్టె అయితే కిందికి దించాలి, మంచం మీద జాగా చేయాలి, నాలుగు కొక్కేలు తీయాలి. ఆ ఏడాదిన్నర నేను ఇంట్లో వాయించిన రోజులు సగానికి సగం పడిపోయాయి. ఒకసారి కొక్కేలు వేయకుండా మూత మూసి ఉంచాను. మా ఆయన చీపురుకి అడ్డమొస్తోందని పిడి పట్టి ఎత్తారు. మూత తెరుచుకుని యుకులేలే గచ్చు మీద దొర్లింది. అంచు దగ్గర రంగు పోయింది. జిప్పుకి ఆ మోసం తెలియదు, తెరిచి ఉంటే తెరిచినట్టే కనిపిస్తుంది.

రెండో అనుమానం పెద్దది. నాది లామినేట్, అంటే పలుచటి పొరలు అతికించిన కర్ర. మన తేమ మార్పులకి అంతగా చలించదు. సాలిడ్ కర్ర, అంటే పొరలు లేని అసలు కర్ర యుకులేలే అయితే గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండాలంటారు. విజయవాడలో ఆగస్టు తేమకి ఉబ్బి, రాత్రంతా ఏసీలో ఎండి, రెండింటి మధ్యా ఊగిసలాడితే పలక పగలొచ్చు. గట్టి పెట్టెలో గాలి మార్పు నిదానంగా ఉంటుంది, లోపల తేమని అదుపు చేసే ప్యాకెట్లు పెడితే పనిచేస్తాయి. గుడ్డ సంచీలో పెట్టినా గాలికి పోయినట్టే. ఖరీదు పెట్టి సాలిడ్ కర్రది కొన్నవాళ్లు నా మాట వినక్కర్లేదు. పెట్టె కొనుక్కోండి, ఇంట్లో దాన్నే వాడండి.

వాన సంగతికొస్తే రెండూ రెండే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా స్కూలు పిల్లాడి గిటారు గిగ్ బ్యాగులో నీళ్లలో ఉండిపోయింది. బ్యాగు ఫోము నీళ్లు పీల్చుకుని నాలుగు రోజులు వాద్యాన్ని తడిగుడ్డలో చుట్టినట్టు ఉంచింది. పెట్టె ఉన్నా అంచుల్లోంచి నీళ్లు వెళ్లేవే. మామూలు వానకి మాత్రం నేను బ్యాగు మీద పెద్ద పాలిథిన్ కవరు తొడుగుతాను. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది.

విమానంలో అయితే ఇంకో లెక్క. చేతిసామాను పొడవు సాధారణంగా 55 సెంటీమీటర్లు. సొప్రానో 21 అంగుళాలు, అంటే 53. కాన్సర్ట్ 23 అంగుళాలు, 58 దాటుతుంది. కౌంటరులో ఉన్నవాళ్లు కొలిస్తే చెకిన్‌లో వేయమనొచ్చు. చెకిన్ అంటేనే చేతిలోంచి పోవడం. అక్కడ పెట్టె లేకుండా పంపడం వాద్యానికి నీళ్లొదలడమే.

మంచి సంచీ అంటే

నేను ఇప్పుడు వాడే బ్యాగు ఫోము 15 మిల్లీమీటర్లు. కొట్లో కొనేటప్పుడు ఆ అంకె నమ్మకండి. బొటనవేలూ చూపుడువేలూ మధ్య బ్యాగు గోడని గట్టిగా నొక్కండి. రెండు వేళ్లూ ఒకదానికొకటి తగిలినట్టు అనిపిస్తే అది మళ్లీ తొడుగే. వెనకవైపు అట్టలాంటి పలక కుట్టి ఉంటే ఇంకా మేలు. దోసకాయల బరువుని పూర్తిగా ఆపదు గానీ ఒకచోట గుచ్చుకోకుండా పరుస్తుంది. జిప్పు లోపలివైపు గుడ్డ పట్టీ ఉండాలి, లేకపోతే తీసిన ప్రతిసారీ అంచు మీద గీతలు. భుజం పట్టీలు బ్యాగు గుడ్డలోకి కుట్టి ఉన్నాయో, పైపైన అతికించినట్టున్నాయో లాగి చూడండి.

అన్నిటికన్నా ముఖ్యం సైజు. టెనర్ 26 అంగుళాలది, కాన్సర్ట్ 23ది. కాన్సర్ట్‌ని టెనర్ బ్యాగులో వేస్తే ఫోము ఎంత మందమున్నా లోపల డబ్బాలో శనగగింజలా కొట్టుకుంటుంది. మా క్లాసు పిల్ల తల్లి ఒకావిడ "పెద్దదైతే ముందు ముందు పనికొస్తుందండి" అని అలాగే కొంది, యూనిఫాం కొన్నట్టు.

రెండిటికీ మధ్యస్థంగా ఫోము కేసులని వస్తున్నాయి. బయట గుడ్డ, లోపల గట్టి ఫోము, తేలిక. స్నేహితురాలిది ఒకసారి మోసి చూశాను. బావుంది గానీ బస్సులో ఒళ్లో పట్టదు, నిలబెడితే పక్కవాళ్ల మోకాలికి తగులుతుంది. కారున్నవాళ్లకి బావుండొచ్చు.

దోసకాయల సంగతి మరి? దానికి నా దగ్గర ఉన్న ఉపాయం ఒక్కటే: బానెట్ మీద పెట్టకపోవడం. నిలబడాల్సొస్తే బ్యాగుని ముందువైపు, గుండెలకి తగిలించుకుంటాను, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు. కండక్టరుకి ఇప్పుడు అలవాటైపోయింది, "మీ పాపకి టికెట్టు వద్దులెండి" అంటాడు. బస్సు మరీ కిక్కిరిసి ఉంటే వదిలేసి తర్వాతది ఎక్కుతాను. నెలకోసారి స్కూలుకి ఆలస్యమవుతుంది. అది కూడా సంచీ ఖర్చులోనే రాసుకోవాలి.

సోమవారం

ఇదంతా మనసులో సిద్ధం చేసుకుని సోమవారం స్టాఫ్ రూములో బయాలజీ అమ్మాయిని పట్టుకున్నాను. "ఆ కేసు కొనకు, నేను తప్పు చెప్పాను. రోజూ పట్టుకు తిరిగేదానివి, చేతిలో ఉండేదానికి సంచీ చాలు. చేతిలోంచి దించాల్సిన చోటే పెట్టె" అన్నాను.

ఆ పిల్ల టిఫిన్ బాక్సు మూత పెట్టి, "నేను రోజూ తేనక్కా. ఇంట్లోనే నేర్చుకుంటా" అంది.

"మరింకేం, ఇంట్లో అయితే మేకుకి తగిలించు."

"మా ఇంట్లో మా అక్క పిల్లలు ఇద్దరున్నారు, కవలలు. నాలుగేళ్లు. మంచం మీంచి దేని మీదికైనా దూకుతారు. మేకు మీదున్నది కుర్చీ వేసుకుని లాగుతారు. నేను స్కూల్లో ఉంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా అది వాళ్ల రాజ్యంలో ఉండాలి."

నోరు మూసుకున్నాను. చేతిలోంచి దించాల్సిన చోటు ఆ పిల్లకి ఇల్లే.

4,200 పెట్టొద్దని, నా కేసు ఇస్తానన్నాను. ఇద్దరివీ కాన్సర్టే. సాయంత్రం ఇంటికొచ్చి స్టూలెక్కి బీరువా మీంచి దించి, దుమ్ము దులిపి కొక్కేలు తీశాను. లోపల నీలం వెల్వెట్టు మీద ఇంటి పన్ను రశీదులు, గ్యాసు పుస్తకం, అబ్బాయి పదో తరగతి సర్టిఫికెట్టు, మా మావగారి పొలం దస్తావేజు నకళ్లు, రబ్బరు బ్యాండ్లు వేసి, వాద్యం ఆకారానికి తగ్గట్టుగా చక్కగా సర్ది ఉన్నాయి. మా ఆయన వచ్చి గుమ్మంలో నిలబడి, "అది ఇచ్చేస్తే ఇవన్నీ ఎక్కడ పెడతావ్?" అన్నారు.